విందునకు మసాలా చాక్లెటు

అతిథులు కూర్చుండియుండగా ఇంటివారు పొయ్యియొద్ద చెమటోడ్చుట మాకు నచ్చదు. కావున ముందునాడే చేసి యుంచదగిన మధురపదార్థము నొకదానిని వివరించుచున్నాము. బాలురును దీనిని చేయవచ్చును.

చాక్లెటునకు మసాలా క్రొత్త కాదు. మెక్సికో దేశమున అజ్టెక్కులు కోకోగింజల పానీయమున మిరపకాయ కలిపెడివారు. 16వ శతాబ్దమున అచటి కేగిన స్పెయిను వారు పిమ్మట చక్కెరయు దాల్చినచెక్కయు చేర్చిరి. నేడు మన గోదావరి ప్రాంతపు కొబ్బరితోటలలోనే కోకోచెట్లు అంతరపంటగా పెరుగుచున్నవి.

ఆరుగురికి 300 మిల్లీలీటర్ల క్రీములో చిన్న దాల్చినచెక్కను, నలగగొట్టిన 4 ఏలకులను, చిటికెడు మిరపపొడిని వేసి కాచి, పొంగకముందే దింపి, 10 నిమిషములు మూతవేయవలెను. వడకట్టి మరల వేడిచేసి, సన్నగా తరిగిన 200 గ్రాముల నల్లచాక్లెటుపై ఒక్కసారిగా పోయుడు. రెండు నిమిషములు ముట్టక, పిమ్మట నడుమనుండి మెల్లగా కలుపుడు.

ఒక్కసారిగా పోయుట యేల? కరగిన చాక్లెటులో తడిగరిటెనుండి కొలది నీటిబొట్లు పడినను అది ముద్దగట్టి చెడును. స్వల్పమగు తడి అందలి చక్కెరకణముల నొకదానికొకటి అంటించును. అధికమగు తడి వానిని కరగించి విడదీయును. ఖరీదైన సరకు పాడగుటయు నిలుచుటయు ఇంతమాత్రమున నున్నది.

చిన్నగిన్నెలలో పోసి, 3 గంటలు రిఫ్రిజిరేటరులో నుంచుడు. వడ్డనకు అరగంట ముందే వెలుపలికి తీయవలెను. మిక్కిలి చల్లగా నున్నచో ఏలకుల పరిమళము నాలుకకు తెలియదు.