పులిమేకను పాత కంప్యూటర్‌కు నేర్పుదాం



వార్షికోత్సవ సంచికకు ఒక పాఠం రాయమని అడిగారు. లెక్కల పాఠం అంటే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. అందుకే ఆట గురించి రాస్తున్నాను. లెక్క అందులోనే ఉంది.

మేము కొడకండ్ల హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం వాచ్‌మన్ తాత వరండా బండల మీద బొగ్గుతో పులిమేక గీసేవాడు. మేకలకు చింతగింజలు, పులులకు కుండ పెంకులు. తాత ఎప్పుడూ మేకలే తీసుకునేవాడు. ఆయన మీద నేను ఒక్కసారీ గెలవలేదు. ఎందుకు గెలవలేదో చాలా ఏళ్ళ తర్వాత, ఒక పాత కంప్యూటర్‌కు ఆ ఆట నేర్పబోయినప్పుడు తెలిసింది.

ఆ కంప్యూటర్ పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ కంపెనీ 1981లో తయారు చేసింది. మన దేశంలో 1984-85లో 'క్లాస్' అనే పథకం కింద మొదట సుమారు 250 బడులకు ఇచ్చింది ఈ యంత్రాన్నే. మా బడి దాకా రాలేదు లెండి. దాని మెమరీ మొత్తం 32 కేబీ. మీ సెల్‌ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. ఇప్పుడు అసలు యంత్రం లేకపోయినా, బీబెమ్ అనే ప్రోగ్రాం వేసుకుంటే మామూలు కంప్యూటరే బీబీసీ మైక్రోలాగా నడుస్తుంది. నేను దాని మీదే చేశాను.

ముందు నోటుబుక్కులో బొమ్మ గీయండి. పైన ఒక కొన. అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు. వాటిని అడ్డంగా కోస్తూ మూడు పొడుగు గీతలు. ఈ మూడింటి కొసలను రెండు పక్కలా నిలువు గీతలతో కలపాలి. అన్నిటికంటే అడుగున, నాలుగు గీతల చివర్లను కలుపుతూ ఇంకో గీత. గీతలు కలిసే చోటును చుక్క అందాం. కొన 1, మొదటి వరస 2 నుంచి 7, రెండోది 8 నుంచి 13, మూడోది 14 నుంచి 19, అడుగున 20 నుంచి 23. మొత్తం 23 చుక్కలు. పులులు 3, మేకలు 15. పులులు 1, 4, 5 చుక్కల్లో కూర్చుంటాయి. మేకలను ఒక్కొక్కటే పెట్టాలి. పదిహేనూ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు.

మనిషి కంటితో గీత చూసి ఆడతాడు. యంత్రానికి కన్ను లేదు కాబట్టి పట్టిక ఇవ్వాలి. పక్క చుక్కకు పోయే దారులు లెక్క పెడితే 38. పులి దూకాలంటే మూడు చుక్కలు తిన్నగా ఒకే గీత మీద ఉండాలి: పులి, మేక, ఖాళీ. అలాంటి జట్లు 28. వీటిని బేసిక్ భాషలో డేటా లైన్లుగా రాశాను. ఆట మొత్తం 23 బైట్లలో కూర్చుంది. ఖాళీకి 0, మేకకు 1, పులికి 2. నాలుగు రంగుల తెరకేమో 10 కేబీ పోయింది!

పులి బొమ్మకు గ్రాఫ్ కాగితం చాలు. ఎనిమిది గళ్ళ పొడవు, ఎనిమిది గళ్ళ వెడల్పు. ఒక్కో వరసలో గళ్ళ విలువలు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్ళ విలువలు కూడితే ఆ వరస అంకె వస్తుంది. రెండు చెవుల కొసలకు 128, 1 కలిపితే 129. నా పులి మొదట పిల్లిలా వచ్చింది.

ఇక అసలు సంగతి. ఆ 28 జట్లు రాసుకుని చూస్తుంటే ఏడు చుక్కలు ఎక్కడా నడుమకు రాలేదు: 1, 2, 7, 14, 19, 20, 23. నడుమకు రాని చుక్కలో ఉన్న మేకను ఏ పులీ దూకి తినలేదు. తాత మొదటి చింతగింజలు ఎక్కడ పెట్టేవాడో అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడూ మూలల్లోనే. బడి ముఖం చూడని మనిషికి ఈ పట్టిక కంఠతా వచ్చు!

పులులను కంప్యూటర్ ఆడేటట్టు రాశాను. దానికి నేర్పింది ఒక్కటే: మేక దొరికితే తిను, దొరక్కపోతే ఎక్కువ దారులున్న చోటికి పో. అది నా చేతిలో కూడా ఓడిపోయింది. ఎట్లాగంటే, 8, 14లో ముందే మేకలు పెట్టి, 3లో ఒక మేకను వదిలాను. 4లో ఉన్న పులి దాన్ని తిని 2లో దిగింది. నేను 4 మూశాను. ఆ పులి ఇంకా 3 మీదుగా బయటపడొచ్చు. కానీ అవతల ఇంకో పులి ముందు రెండో మేకను ఎరగా పెట్టి ఉంచాను. కంప్యూటర్ దాన్ని తినడానికి పోయింది. నేను 3 మూశాను. మూల పులి కదలలేదు. నడి బొమ్మలో 10లో ఉన్న పులిని కట్టేయాలంటే ఎనిమిది చుక్కలు మూయాలి. మూలలో నాలుగు చాలు.

"తిననియ్యి బిడ్డా, మూలకు వస్తది" అనేవాడు తాత. మాకు నవ్వులాట అనిపించేది.

తర్వాత ఇంకో నియమం చేర్చాను. తినే ముందు, ఎదుటివాడి తర్వాతి ఎత్తుకు మన పులి ఏదైనా కట్టుబడిపోతుందా అని చూడాలి. ఇప్పుడు కాసేపు ఆలోచించి గానీ ఎత్తు వేయదు.

ప్రోగ్రాం కంటే నియమాలే ఎక్కువ సతాయించాయి. హాస్టల్లో ఒక్కో ఊరి పిల్లవాడిది ఒక్కో లెక్క. పులి ఒకే ఎత్తులో రెండు మేకల మీదుగా దూకొచ్చని కొందరు, ఒకటే అని కొందరు. ఎదురుగా ఉన్న మేకను తినక తప్పదని ఒకరు, పులి ఇష్టమని ఇంకొకరు. అప్పుడైతే కొట్లాడి, అన్నం గంట కొడితే లేచిపోయేవాళ్ళం. యంత్రం మాత్రం ఆట మొదలుకాక ముందే జవాబు అడుగుతుంది. ఒకరి లెక్కే పెడితే మిగతా వాళ్ళ ఆట పోయినట్టే కదా? అందుకని ప్రోగ్రాం మొదట్లో "మీ ఊరి లెక్క ఏది?" అని అడిగేటట్టు చేశాను. నాలుగు లైన్లు ఎక్కువైనా ఎవరి ఆట వాళ్ళకు మిగిలింది.

ఒక్క అంకె దగ్గర ఆగిపోయాను. ఎన్ని మేకలు పోతే మేకలు ఓడినట్టు? ఈ లెక్కా మనిషికొకటి చెప్తున్నారు. తాత లెక్క నాకు తెలియదు, నాతో ఆట ఎన్నడూ అంతదాకా రానివ్వలేదు. ఆయనిప్పుడు లేడు. ప్రస్తుతానికి 40వ లైనులో 6 అని పెట్టాను. ఆ వరండాలో తాతను ఓడించినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఆ అంకె చెప్పండి. 6 కొట్టేసి అది రాస్తాను.