నిద్రకు సహజమార్గములు

పరీక్షలు సమీపించినప్పుడు మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల విద్యార్థులు తేనీరు త్రాగుచు అర్ధరాత్రివఱకు చదువుట మేము చూచుచున్నాము. పిమ్మట పడుకొన్నను వారికి నిద్ర పట్టదు.

నిద్రను బలవంతముగా రప్పింపజాలము. మేల్కొను వేళను మాత్రము నియమించుకొనగలము. ఆదివారమైనను ఒకే వేళకు లేచి, ఉదయపు వెలుతురులో కొంతసేపు నడువవలెను. ఆ వెలుతురే మన శరీరములోని గడియారమును సరిదిద్దును. ఆ గడియారము నడచు విధమును కనుగొన్న మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది.

తేనీటిలోని కెఫీను సగము తగ్గుటకే సుమారు 5 గంటలు పట్టును. కాన మధ్యాహ్నము దాటినపిమ్మట దానిని మానవలెను. వేసవిలో మిద్దెలు రాత్రియు సెగలు గ్రక్కును గనుక ఆరుబయట నులకమంచము వేసి దోమతెర కట్టుకొనుట మేలు. సెల్‌ఫోను పడకదగ్గఱ ఉంచరాదు. 20 నిమిషములైనను నిద్ర రానిచో మంచము దిగి, మసక వెలుతురులో ఊరక కూర్చుండి, కన్నులు బరువెక్కినపుడు మరల పడుకొనవలెను. వారములు గడచినను ఫలము లేనిచో వైద్యునికి చూపవలెను.

13 మొదలు 18 ఏండ్లవారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. పగలు చదివినది నిద్రలోనే జ్ఞాపకమున స్థిరపడును. కావున తలిదండ్రులారా, వేళకు దీపమార్పించుటయు చదివించుటలో భాగమేయని యెఱుఁగుడు.