ఒక బీరువాకీ ఇంకో బీరువాకీ మధ్య

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 33 ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువకాలం గడిచింది థీసిస్‌ల గదిలోనే. పరిశోధక విద్యార్థులు నాలుగైదేళ్ళ కష్టానికి నల్ల అట్ట వేయించి, మీద బంగారు అక్షరాలు కొట్టించి తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. నేను ముద్ర కొట్టి, అంకె వేసి, కార్డు రాసి బీరువాలోకి పంపేదాన్ని. పోతన పద్యాల్లో పిలుపులు, వేరుశనగకు వచ్చే తిక్కాకు తెగులు, బొగ్గుగని కార్మికుల అప్పులు, ద్రవాల్లో ధ్వని వేగం – ఈ నాలుగూ ఒకే మధ్యాహ్నం నా చేతుల మీదుగా వెళ్ళిన రోజులున్నాయి. నేను పీహెచ్‌డీ చేయలేదు. చేసినవాళ్ళను వందల మందిని చూశాను. చూసి నేర్చుకున్నది కొంత, చూస్తూ కూడా నేర్చుకోలేకపోయింది ఇంకొంత. ఆ రెండోదాని గురించే ఎక్కువ చెప్తాను.

1. శీర్షిక విని నవ్వకూడదు.

1980లలో జంతుశాస్త్ర విభాగం నుంచి ఒక అమ్మాయి తన థీసిస్ తెచ్చింది. పేడపురుగుల మీద. శీర్షిక పైకి చదివాను. పక్క బల్ల దగ్గరున్న సహోద్యోగి నవ్వాడు, నేనూ నవ్వాను. "ఐదేళ్ళు పేడకుప్పల చుట్టూ తిరిగావా తల్లీ?" అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకోలేదు. "వానాకాలంలో పేడ రెండు మూడు రోజుల్లో మట్టిలో కలిసిపోతుంది మేడమ్, ఎండాకాలంలో అట్టకట్టి అలాగే పడి ఉంటుంది. ఏ నెలలో ఎన్నాళ్ళుంటుందో లెక్కకట్టాను" అని శ్రద్ధగా చెప్పబోయింది. అప్పటికి టీ వేళయింది. రసీదు చేతిలో పెట్టి పంపేశాను.

ఆస్ట్రేలియా సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఒక పత్రికలో చదివాను. ఆ ఖండానికి ఆవులు వెళ్ళిందే 1788లో, ఇంగ్లీషువాళ్ళ ఓడల్లో. అక్కడి పేడపురుగులకు తెలిసిందల్లా కంగారూలు వేసే పొడి పెంటికలు. పచ్చి ఆవుపేడను అవి పెద్దగా ముట్టుకోలేదు. దాంతో పేడ గడ్డిమీదే ఎండి మేతభూమిని కప్పేసింది, ఈగలు దండిగా పెరిగాయి. హంగరీ నుంచి వలస వెళ్ళిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త ఇది గమనించాడు. 1960ల నుంచి ఆఫ్రికా వంటి చోట్ల నుంచి పేడపురుగులను తెప్పించి, శుభ్రపరిచి, పెంచి వదిలారు. ఆ దేశ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇరవై ఏళ్ళు చేసిన పని అది. ఆ పేజీ మడిచి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకు నవ్వు తెప్పించిన ప్రశ్న కోసం ఒక దేశం సముద్రాలు దాటి వెళ్ళింది.

2. అంకెలు బీరువాలకే, ప్రశ్నలకు కావు.

డ్యూయీ పద్ధతిలో పురుగులకు 595, ప్రాచీన భారతదేశ చరిత్రకు 934. మా గదిలో మొదటిది తూర్పు గోడకు, రెండోది పడమటి గోడకు. మధ్యలో నా బల్ల. 1990లలో పురావస్తుశాస్త్రం చదివే ఒక అబ్బాయి రోజూ పడమటి గోడ దగ్గర కూర్చునేవాడు. అతని విషయం బూడిదదిబ్బలు. మహబూబ్‌నగర్ వైపు, రాయచూరు, బళ్ళారి ప్రాంతాల్లో పొలాల మధ్య బూడిద గుట్టలుంటాయి. రాక్షసులను కాల్చిన చోటని ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. అవి ఏవో కొలుముల తాలూకు అవశేషాలేమోనని పండితులు వాదించుకున్నారు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ మహబూబ్‌నగర్ వైపున్న ఉట్నూరులో తవ్వితే కర్రలు పాతిన కంచె గుంతలు, బూడిద పొరల మీద పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. ఇలాంటి దిబ్బల బూడిద ఆవుపేడదేనని ప్రయోగశాలలో జ్యూనర్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. నాలుగైదు వేల ఏళ్ళ కిందట ఈ నేల మీద మందలు తోలుకున్నవాళ్ళ దొడ్లు అవి. దొడ్లో పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చగా ఏర్పడిన గుట్టలు.

ఒకరోజు ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, మన ఎండల్లో, మన వానల్లో పేడ ఎన్నాళ్ళు నిలుస్తుందో, పురుగులు ఎన్నాళ్ళకు తినేస్తాయో ఎవరైనా రాశారా? అది తెలిస్తే ఏ కాలంలో మంద దొడ్లో ఉండేదో చెప్పొచ్చు" అన్నాడు. "ఇది చరిత్ర వరస బాబూ. పశువైద్య కళాశాలలో అడిగి చూడు" అన్నాను. నేను కూర్చున్న చోటు నుంచి తూర్పు గోడ నలభై అడుగులు. పేడపురుగుల థీసిస్ మీద అంకె వేసింది నేనే, కార్డు నింపింది నేనే. ఆ క్షణాన నాకది గుర్తు రాలేదు.

ఎస్.ఆర్. రంగనాథన్ పేరు మా వృత్తిలో అందరం పరీక్ష కోసం చదువుతాం. ఆయన గణితం చెప్పే అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చాడు. పాఠకుడికి పుస్తకం వెతికివ్వడంతో పాటు పుస్తకానికి పాఠకుణ్ణి వెతకడం కూడా గ్రంథాలయం బాధ్యతేనని 1931లో సూత్రం రాశాడు. ఒక రచన నాలుగు విషయాల కూడలి కావచ్చని గ్రహించి, ఆ నాలుగూ అంకెలో కనబడేలా 1933లో కోలన్ వర్గీకరణ ప్రకటించాడు. ఇదంతా కంఠతా పట్టి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

3. లెక్కలు చదివినవాడు ఎముకలు కొలిస్తే దారి తప్పినట్టు కాదు.

గణాంకశాస్త్రం విభాగంలో ఒక కుర్రవాడు మనుషుల పుర్రెల కొలతల మీద పనిచేస్తుంటే, వాడి గైడు నాతో "వీడికి దారీ తెన్నూ లేదు" అన్నాడు. నేనూ తలూపాను. సి.ఆర్. రావుగారి జీవితం తెలిసి ఉంటే ఊపేదాన్ని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళిన తెలుగు యువకుడాయన. 1941లో అక్కడి భారతీయ గణాంక సంస్థలో చేరాడు. ఈరోజు ప్రపంచమంతా ఆయన పేరుతో చెప్పుకునే సూత్రం రాసింది 1945లో, పాతికేళ్ళ వయసులో. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి వెళ్ళింది మాత్రం సూత్రాల కోసం కాదు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటిని కొలిచి, ఆ మనుషులు ఏ జనాలకు దగ్గరివారో తేల్చడానికి. వాడిన కొలమానం ఆయన గురువు మహలనోబిస్‌ది. ఆ మహలనోబిస్ భౌతికశాస్త్రం అధ్యాపకుడు. మనుషుల శరీర కొలతల్లో తేడాలు పోల్చాలనుకుని, దానికి తగిన లెక్క లేకపోతే 1936లో తనే కట్టాడు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రంలో ఇది వరి, ఇది చెరకు అని విడదీయడానికి అదే లెక్క వాడుతున్నారు.

ఆ గణాంక సంస్థలోనే ఒక రాకాసిబల్లి కూడా ఉంది. మహలనోబిస్ లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే ఆమెను పిలిపించి అక్కడ భూగర్భశాస్త్రం మొదలుపెట్టించాడు. వాళ్ళు మన ప్రాణహిత–గోదావరి లోయకు వచ్చి తవ్వారు. దొరికిన డైనోసార్‌కు రవీంద్రుడి శతజయంతి గుర్తుగా బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బారా పా అంటే పెద్ద కాలు. కోల్‌కతాలో లెక్కలు చెప్పే చోట గోదావరి ఒడ్డు ఎముకలు నిలబడి ఉన్నాయి. ఎవరైనా పిల్లలు అటు వెళ్తుంటే చూసి రమ్మని ఇప్పటికీ చెప్తుంటాను.

4. ఉపయోగం ఏమిటని అడిగేముందు కొన్నాళ్ళు ఆగాలి.

నాకు కీళ్ళవాతం. వేళ్ళ కణుపులు వాస్తాయి. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటాను. ఆ మాత్ర ఎక్కడ పుట్టిందా అని వెనక్కి చదువుకుంటూ పోయాను. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు ఎందుకు తెల్లగా పాలిపోతున్నారని 1928లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ అడిగింది. ఈస్టు సారం తినిపిస్తే కోలుకున్నారు. అందులో ఉన్నది ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలనూ వాళ్ళే తయారుచేశారు. రక్తక్యాన్సర్ పిల్లలకు వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఇచ్చాడు. ఆ కుటుంబానిదే నా మాత్ర. మిల్లు కూలీల పాలిపోయిన కళ్ళ దగ్గర మొదలైన ప్రశ్న నా కణుపుల దాకా వచ్చింది. వైవాలకు వచ్చిన పెద్దలు "దీనివల్ల సమాజానికేం లాభం?" అని పిల్లలను నిలదీస్తుంటే, వాళ్ళు నీళ్ళు నమలడం తలుపు పక్క నుంచి ఎన్నోసార్లు చూశాను. ఆ ప్రశ్న న్యాయమైనదేనని అప్పట్లో అనుకునేదాన్ని.

5. పొలంలో రాసుకున్న కాగితం పారేయకూడదు.

ఇది నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది. భాషాశాస్త్రంలో ఒకతను కుమ్మరుల మాటలు సేకరించాడు. సారె భాగాలకు, మట్టి రకాలకు, ఆవం పేర్చే తీరుకు ఒక్కో ఊళ్ళో ఏమంటారో చీటీల మీద రాసుకున్నాడు. థీసిస్ ఇచ్చేశాక ఆ చీటీలు రెండు గోనెసంచుల్లో మా గదిలో పెట్టి, "ఎవరికైనా పనికొస్తాయి మేడమ్" అని వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు సున్నాలు వేసినప్పుడు చోటు చాలక, చిత్తుకాగితాల కింద తూకానికి ఇచ్చేశాను. సంతకం నాదే.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా వ్యవసాయ పదాలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. చేనేత పదాలతో రెండోది 1971లో వచ్చింది. నాగలిలో ఒక్కో భాగాన్ని శ్రీకాకుళంలో ఒకటంటే అనంతపురంలో ఇంకొకటంటారు. ఆ తేడాలను పటం మీద గుర్తిస్తే తెలుగు ఎన్ని మాండలికాలుగా విడిపోతుందో గీత గీసినట్టు కనబడుతుంది. రైతు నోటి మాట భాషాశాస్త్రానికి అంత ఆధారమైంది. కలివికోడి కథా అంతే. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే పరిశోధకుడు కనుగొన్న పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర ఒక స్థానిక వేటగాడు దాన్ని రాత్రివేళ పట్టుకొచ్చి పరిశోధకుడికి అప్పగించాడు. పరిశోధకులెవరికీ కనబడని 86 ఏళ్ళూ అది ఆ పొదల్లోనే ఉంది. అక్కడి మనుషుల నోట్లో దాని పేరు కూడా ఉంది. ఆ రెండు సంచుల్లో అలా ఎన్ని మాటలు మిగిలి ఉండేవో. ఆ కుమ్మరుల్లో చాలామంది ఇప్పుడు లేరు.

6. ఎన్ని రకాలున్నాయని మురిసేముందు ఎన్ని నిజమైనవో చూడాలి.

ఊరి పేరు, సంవత్సరం మార్చి తక్కిందంతా దించేసిన థీసిస్‌లు కూడా నా బల్ల మీదికొచ్చాయి. అచ్చుతప్పులతో సహా దించినవి రెండు నేనే పట్టుకున్నాను. పైవాళ్ళతో తగాదా ఎందుకని నోరు మూసుకుని అంకె వేశాను. నిజంగా ఎండలో తిరిగిన పిల్లల పక్కనే వాటినీ నిలబెట్టాను.

7. ఆలస్యమైనా ఆ ఉత్తరం రాయాలి.

బూడిదదిబ్బల అబ్బాయి నాలుగేళ్ళకు థీసిస్ తెచ్చాడు. అంకె వేసేముందు పేజీలు తిప్పడం నా అలవాటు. నాలుగో అధ్యాయం చివర ఒక వాక్యం ఉంది. ఈ ప్రాంతపు వాతావరణంలో పేడ నిలిచే కాలం గురించి సమాచారం లభించలేదని. అది చదివాక నా కుర్చీలోంచి లేచి తూర్పు గోడ దగ్గరికి వెళ్ళాను. పేడపురుగుల థీసిస్ తీశాను. వెనక ఉన్న తీసుకునేవాళ్ళ చీటీ ఖాళీగా ఉంది, ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. లోపల నెలనెలా పట్టిక, పన్నెండు వరసలు. ఆమె ఆరోజు నాకు చెప్పబోయిందే. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. అతను అప్పటికే వైవా అయిపోయి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాడు. చెప్తే నా తప్పు ఒప్పుకోవాలి. చెప్పలేదు.

2009లో థీసిస్‌లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని యూజీసీ నిబంధన వచ్చింది. ఇప్పుడు శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైటులో ఒక మాట కొడితే ఏ గోడ దగ్గరిదైనా పైకొస్తుంది. మీ తరానికి ఆ అదృష్టం ఉంది. మా పాత నల్ల అట్టల్లో చాలావాటికి లేదు.

రిటైరయ్యాక ఇద్దరి చిరునామాలూ సంపాదించి ఉత్తరాలు రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను, నవ్విన సంగతితో సహా. ఆమెకు రాసింది ఇల్లు మారారని తిరిగొచ్చింది. ఇంకా వెతుకుతున్నాను. అతని జవాబు పది రోజుల్లో వచ్చింది. ఇన్నేళ్ళూ దాచానని కోప్పడలేదు. ఆ పట్టిక ఏ పేజీలో ఉందని మాత్రం అడిగాడు. 112 నుంచి 115 వరకు. పుస్తకం చూడకుండానే రాసి పంపాను.