అమరావతి శిల్పశాలలో ఒక గంట

అమరావతికి పోయినవారు అమరేశ్వరుని దర్శించి వెనుదిరుగుట పరిపాటి. మహాచైత్యము చెంతనున్న పురావస్తు ప్రదర్శనశాలకును పంచాయతీ సభ్యులు ఒక గంట కేటాయింపవలెనని మా మనవి. పద్మములు నిండిన పూర్ణకుంభ శిల్పము ఎదుట మేము చాలసేపు నిలిచితిమి. ప్రభుత్వ చిహ్నములోని పూర్ణకుంభమునకు మూలము ఈ శిల్పకళయే.

కాని ఇచట మిగిలినది కొంతయే. 18వ శతాబ్ది చివర దీపాలదిన్నెను ఇటుకలకు, రాళ్లకు త్రవ్విరి. చెక్కిన పలకలు కొన్ని కట్టడములలో చేరినవి. కొన్ని బట్టీలలో కాలి సున్నమైనవి. అది సున్నపురాయి యగుటయే దాని పాలిటి శాపము! 1816లో కర్నల్ మెకంజీ మరల వచ్చి చిత్రములు వ్రాయించుటచే, పోయినవానిలో కొన్నింటి రూపమైనను నేడు తెలియుచున్నది. తరువాత దొరికినవి పెక్కు మదరాసుకును, లండను బ్రిటిష్ మ్యూజియమునకును తరలినవి.

మీ గ్రామమున చెరువు పూడిక తీయునపుడో, పునాది త్రవ్వునపుడో విగ్రహము, శాసనము, నాణెముల కుండ బయల్పడినచో పని నిలిపి తహసీల్దారునకు తెలుపుడు. 10 రూపాయల విలువ మించిన నిక్షేపము దొరికినవారు కలెక్టరునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. రేవున బట్టలుతుకు పాతబండ యున్నదా? ఒకసారి త్రిప్పించి అడుగువైపు చూడుడు.