తప్పుత్రోవకు కారణము: పుట్టుకయా? పెంపకమా?

ఒక యింట బాలుడు దొంగతనము చేసినచో కొందరు పెద్దలు "అది రక్తగుణము" అందురు. మరికొందరు "సహవాసదోషము" అందురు. ఈ వాదము ఇంటి అరుగులమీదనే గాక శాస్త్రజ్ఞుల నడుమను జరిగినది.

ఇటలీ వైద్యుడు లోంబ్రోసో 1876లో ఒక గ్రంథము వ్రాసి, నేరస్థులు పలువురు పుట్టుకతోనే అట్టివారనియు, తల, దవడల ఆకారమును బట్టి వారిని గుర్తింపవచ్చుననియు చెప్పెను. ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీలను పరిశీలించి, ఇతరులతో పోల్చి, అట్టి ప్రత్యేక రూపము లేదని 1913లో ప్రకటించెను.

మన దేశమున పుట్టుకవాదము చట్టమే అయినది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వర్తించెను. కొన్ని కులములలో పుట్టుటయే అనుమానమునకు చాలినది. తెలుగునాట ఎరుకలవారు దీనిపాలైరి. ఇందు వర్తకులు గమనింపదగిన సంగతి యొకటి కలదు. వీరిలో పలువురు పూర్వము ఎద్దులమీద, గాడిదలమీద సముద్రతీరపు ఉప్పును లోపలి గ్రామములకు చేర్చి, ధాన్యమునకు మారకము చేసినవారు. రైళ్లు వచ్చుటచేతను, ఉప్పుపై ప్రభుత్వము పట్టు బిగించుటచేతను ఆ వర్తకము చితికినది. బ్రతుకుతెరువు పోయి తిరుగుచున్నవారిని ప్రభుత్వము దొంగలుగా లెక్కించెను. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారి పాలనలో స్టువర్టుపురము వెలసినది. అచ్చటివారు వేళకు హాజరు చెప్పవలెను. అనుమతి చీటి లేనిదే ఊరు దాటరాదు. 1952లో చట్టము రద్దయినను, ఊరిపేరుకు అంటిన మచ్చ పిల్లలను చాలకాలము వెంటాడినది.

అట్లని పుట్టుకకు పాలు లేదనరాదు. న్యూజిలాండులోని డ్యునెడిన్ నగరమున 1972-73లలో పుట్టిన సుమారు వేయిమందిని శాస్త్రజ్ఞులు చిన్ననాటినుండి పరిశీలించుచు వచ్చిరి. వారిలో మగవారిని గూర్చి 2002లో ఒక ఫలితము వెలువడినది. ఒకానొక జన్యు లక్షణము కలిగి, బాల్యమున హింసకు గురియైనవారిలో దుష్ప్రవర్తన హెచ్చుగా కన్పించెను. అదే లక్షణముండియు ఆదరణతో పెరిగినవారిలో అట్లు కన్పింపలేదు. తరువాతి పరిశోధనలన్నియు ఒకేవిధముగ తేల్చకున్నను, పుట్టుక, పెంపకము కలిసియే పనిచేయునను అభిప్రాయము నేడు బలపడినది.

పుట్టుక పెట్టుబడివంటిది, లాభనష్టములు దానిని నడపుటనుబట్టి యుండును. బాలుడు తప్పుచేసిన దిద్దవలెను. కాని వాని వంశమునకు పేరు పెట్టరాదు. కొట్టులో పనికై వచ్చిన కుర్రవానిని ఊరిపేరు విని త్రిప్పిపంపు వర్తకుడు, 1952లో రద్దయిన చట్టమును తన గుమ్మమువద్ద ఇంకను నడపుచున్నవాడే యగును.