పెంపుడు జంతువుల వసతిగృహములు – ఆపత్సమయ సన్నాహము

యజమానులు పొరుగూరు పోవునప్పుడు తమ కుక్కలను, పిల్లులను అప్పగించిపోవుటకు నేఁడు హైదరాబాదు మొదలగు నగరములలో వసతిగృహము లేర్పడినవి. అందు పనిచేయువారు పశువైద్యులు కారు. అయినను జంతువు పడిపోయినది మొదలు వైద్యుని చేరువఱకు దాని ప్రాణము వారిచేతిలోనే యుండును.

గత వేసవిలో మా పొరుగువారు తమ పగ్ జాతి కుక్కను అట్టి గృహమొకదానిలో విడిచిరి. మధ్యాహ్నవేళ అది రొప్పుచు, చొంగ కార్చుచు తూలి పడెను. పనివాఁడు దానిపై తడిదుప్పటి కప్పి బండికొఱకు పరుగెత్తెను. యజమానుల టెలిఫోను సంఖ్య గల పుస్తకము బీరువాలో, బీరువా తాళపుచెవి మేనేజరు జేబులో నుండెను. కుక్క బ్రదికినది గాని, అది వారి నేర్పువలన గాదు.

మనకువలె కుక్కకు దేహమంతట చెమట పట్టదు. రొప్పుటచేతనే అది వేడిమిని వెడలగొట్టుకొనును. పొట్టిముక్కు జాతులకు గాలి చాలినంత ఆడదు. కావున వానికి వడదెబ్బ త్వరగా తగులును. కప్పియుంచిన తడిదుప్పటి కొంతసేపటికే వెచ్చనై వేడిమిని లోపలనే నిలుపును. కుక్కను నీడకు చేర్చి, ముక్కులోనికిని నోటిలోనికిని పోకుండ ఒడలిపై చన్నీరు పోయుచు విసరవలెను. ముందు చల్లార్చుట, పిదప బండి యెక్కించుట. బండిలోను విసరుట మానరాదు. ఆరోగ్యముగల కుక్క దేహోష్ణము ఫారన్‌హీటు మానమున 101 మొదలు 102.5 డిగ్రీలు. (మనకైనచో దానిని జ్వరమందుము!) వడదెబ్బ తగిలినదానికి 103కు దిగినతోడనే నీరు పోయుట మానవలెను, లేనియెడల దేహము మితిమీరి చల్లబడును.

చిగురును వ్రేలితో నొక్కి విడిచినచో 2 సెకండ్లలో ఎఱుపు మరల రావలెను. రానిచో రక్తప్రసారము తగ్గినదని తెలియవలెను. పెద్దకుక్క కడుపుబ్బి, వాంతి రాకయే డోకుచుండినచో జీర్ణకోశము మెలిపడియుండవచ్చును. అప్పుడు తెల్లవాఱువఱకు వేచుట చంపుటయే. నొప్పితోనున్న కుక్క అన్నము పెట్టిన చేతినైనను కఱచును గనుక మూతికి పట్టీ కట్టుదురు. రొప్పుచున్నదానికి, వాంతి చేయుచున్నదానికి మాత్రము కట్టరాదు.

ఇవి చదివినంతమాత్రమున చేతికి రావు. ఎవరు నీరు పోయవలెనో, ఎవరు వైద్యునకు ఫోను చేయవలెనో, ఎవరు తక్కిన జంతువులను గదులలో మూయవలెనో ముందే పేర్లు పెట్టి, నెలకొకసారి గడియారము చూచుకొని అభ్యాసము చేయింపవలెను. యజమాని అందుబాటున లేనిచో చికిత్సకు ఎంతవఱకు వ్యయము చేయవచ్చునో జంతువును అప్పగించుకొనునాఁడే వ్రాయించుకొనవలెను. ఆ కాగితమును, రాత్రివేళ తెఱచియుండు పశువైద్యశాల చిరునామాను గోడకు అంటింపవలెను, బీరువాలో నుంచరాదు.