మామ్మ చేత కూడా మాన్పిద్దాం

చెల్లెళ్లూ, ఈసారి పొగ గురించి మాట్లాడుకుందాం. "అది మగాళ్లకి చెప్పాల్సిన మాట కదక్కా, మాకెందుకు?" అని అప్పుడే పేజీ తిప్పేయకండి. కంచిలి, సోంపేట, కవిటి, మందస... మన ఉద్దానం ఊళ్లలో చుట్ట మగాళ్ల నోట్లోనే ఉందా, నిజం చెప్పండి? అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరే మామ్మ నోరు మూసుకునే ఉంటుంది. పెదాల మధ్య నుంచి చుట్ట ఒక కొస కాస్త కనిపిస్తుంది. నిప్పున్న కొస లోపలుంటుంది. అదే మన అడ్డపొగ.

బయటివాళ్లకి చెబితే నమ్మరు. మనకేమో అది కళ్లకి ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని పొగతాగడం కింద లెక్కే వేయం. సినిమాకి ముందు వేసే ప్రకటన సిగరెట్ కాల్చే మగాడికి. పెట్టె మీద పుండు బొమ్మా అతనికే. కొట్లో విడిగా కొనుక్కొచ్చే చుట్టకి పెట్టే లేదు, ఇక బొమ్మెక్కడిది? కొడుకు బీడీ ముట్టిస్తే ఇల్లు పీకి పందిరేస్తాం. అదే అత్త అడ్డపొగ వేస్తానంటే అగ్గిపెట్టె అందిస్తాం. "ఇంత వయసొచ్చాక మానేసి ఏం బావుకుంటుందిలే" అని మనమే తీర్మానించేశాం. ఇవాళ నా పోట్లాటంతా ఆ తీర్మానం మీదే.

అసలు నిప్పు లోపల పెట్టుకోవడమేమిటని అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. సముద్రపు గాలికి ఆరిపోదట. చంకలో పిల్ల మీద నిప్పురవ్వ పడదట. రెండు చేతులకీ పనున్నా నోట్లోంచి తియ్యక్కర్లేదట. ఒక్క చుట్టే చాలాసేపు వస్తుందట. అమ్మ వేసేది, చూసి కూతురు నేర్చుకుంది. అన్నీ నిజమే అనుకుందాం. కానీ అలా కాల్చేటప్పుడు నోట్లో గాలి వేడి 120 డిగ్రీల దాకా పోతుందని కొలిచి చూసినవాళ్లు రాశారు. ఎసరు మరిగేది 100 డిగ్రీలకి. ఆ సెగ, ఆ పొగ, పొగలోని విషాలు అన్నీ తిన్నగా వెళ్లి తగిలేది అంగిటికి. మామూలుగా పొగతాగేవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగ వేసేవాళ్లకి సరిగ్గా అక్కడే పుడుతుంది.

ఈ సంగతి డాక్టర్లకి నిన్న మొన్న తెలిసింది కాదు. 1957లోనే డి. గోవిందరెడ్డి, వి.కె. రావు అనే ఇద్దరు వైద్యులు, కోస్తాంధ్రలో అంగిటి క్యాన్సర్లకి నిప్పు లోపల పెట్టి చుట్ట కాల్చడమే కారణమని వైద్యపత్రికలో రాశారు. తర్వాత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, వాళ్ల జట్టు మన పల్లెలకొచ్చారు. అప్పటి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది చేత నోళ్లు తెరిపించి చూసి, ఆ వివరాలు 1971లో అచ్చు వేశారు. నూటికి 40 మందికి పైగా అడ్డపొగ వేసేవాళ్లే తేలారు. సార్డీనియాలో, పనామాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఈ అలవాటు ఉండేదట. అయినా దంతవైద్యం పుస్తకాల్లో దీని గురించి చదివేవాళ్లకి మన జిల్లా పేరు తగలకుండా ఉండదు. మనకి ఈ పేరు దేనికి చెప్పండి?

"సరే అక్కా, చెబితే మాత్రం వింటారా? మా అత్త ఏమంటుందో తెలుసా? 'ఇన్నేళ్లు కాల్సినాను, ఇప్పుడు మానేసి ఏటి సేత్తానే? రేపు కట్టెల మీద ఎలాగూ కాలతాను' అంటుంది." ఈ మాట వినని కోడలు మన వైపు ఉండదులెండి. కానీ వింటారనడానికి సాక్ష్యం కూడా మన జిల్లాలోనే ఉంది. మన శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, ఈ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిని ఎంచుకున్నారు. ఏటా ఇళ్లకి వెళ్లి, నోరు చూసి, కనిపించింది చూపించి, మానమని చెప్పారు. 1986లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. అంతగా చెప్పేవాళ్లు లేనివాళ్లతో పోలిస్తే వీళ్లలో ఎక్కువమంది మానేశారు. క్యాన్సర్‌కి ముందు కనిపించే మచ్చలు కూడా వీళ్లలో తక్కువగా వచ్చాయి. వాళ్లంతా చదువుకున్న పట్నంవాళ్లు కారు, మన మామ్మల్లాంటి పల్లెటూరివాళ్లే. వాళ్లకి దొరికిందల్లా విసుక్కోకుండా మళ్లీ మళ్లీ వచ్చి చెప్పే మనిషి. ఆ మనిషి మన ఇంట్లో మనమే ఎందుకు కాకూడదు?

వయసు మాట కూడా తేల్చేద్దాం. ఆఖరి చుట్ట ఆరిన 20 నిమిషాల్లో గుండె దడ తగ్గడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో చేరిన విషవాయువు, అదే కార్బన్ మోనాక్సైడ్, మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. ఏడాది గడిస్తే గుండెజబ్బు ముప్పు పొగతాగేవాళ్లతో పోలిస్తే సగానికి వస్తుంది. ముప్పైల్లో మానితే మరీ మంచిది, కానీ అరవై దాటాక మానినా ఆయుష్షు కలిసొస్తుంది. పోనీ ఆయుష్షు మాట వదిలేయండి. ఉన్నన్నాళ్లూ అన్నం రుచి తెలియాలి కదా, మెట్టెక్కితే ఊపిరాడాలి కదా? ఒడిలో మనవణ్ణి పెట్టుకుని పొగ వదిలితే ఆ పసివాడికి చెవిపోటు, ఉబ్బసం, నిమ్ము వచ్చే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే ఆమెకీ మంచిది కాదు.

ఉద్దానం అనగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "కిడ్నీ జబ్బు చుట్ట వల్లేనా?" కాదు, అలా ఎవరి మీదా నింద వేయకండి. ఎన్నడూ పొగ ముట్టనివాళ్లకీ మన దగ్గర ఆ జబ్బు వచ్చింది. ఏళ్ల తరబడి వెతుకుతున్నా అసలు కారణం ఇంకా తేలలేదు. అయితే పొగ రక్తనాళాల్ని పాడుచేస్తుంది, ఒంట్లో రక్తపోటు ఎగదోస్తుంది. ఆ రెండూ కిడ్నీకి పడవు. క్రియాటినిన్ పెరిగిందని పలాస ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న మనిషి ఇంట్లో చుట్ట, బీడీ సాగుతున్నాయంటే, మందు ఒకపక్క, విషం ఒకపక్క పోస్తున్నట్టే.

ఇప్పుడు మాన్పించే దారి చూద్దాం. ముందు తిట్టడం మానండి. తిడితే చుట్ట పోదు, పెరటిలోకి పోతుంది. ఆమె ఏ వేళల్లో కాలుస్తోందో వారం రోజులు ఊరికే గమనించండి. పొద్దున్నే దొడ్డికి వెళ్లేముందు, అన్నం తిన్నాక, జీడిపిక్కల దగ్గర పనికి కూర్చున్నప్పుడు, పడుకోబోయే ముందు... ఇలా నాలుగైదు వేళలు తేలతాయి. ఒక్కో వేళకి ఒక్కో ఉపాయం కావాలి. పొద్దున చుట్ట పడకపోతే విరేచనం కాదని చాలామంది భయం. మానిన కొత్తలో మలబద్ధకం వచ్చేమాట నిజమే, కానీ అది కొన్నాళ్లే. లేవగానే గోరువెచ్చని నీళ్లు, రాత్రి భోజనంలో ఆకుకూర, ఒక పండు పెట్టండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి మాత్రం నీళ్లు, పండ్లు డాక్టర్ చెప్పిన లెక్కలోనే ఇవ్వాలి. అన్నం తిన్నాక నోట్లో సోంపో, రెండు లవంగాలో వేయండి. పని దగ్గర తోడు కూర్చుని కబుర్లు చెప్పండి. పంటినొప్పికని చుట్ట పట్టినవాళ్లుంటే ముందు పంటి డాక్టర్‌కి చూపించండి. నొప్పి పోతే సగం కారణం పోయినట్టే.

ఆమె ఒప్పుకున్నాక ఒక రోజు ఖాయం చేయండి. పండగో, మనవడి పుట్టినరోజో, ఏదో ఒకటి. ఆ ముందురోజు ఇంట్లో ఉన్న చుట్టలన్నీ తీసేయాలి. "అవసరానికి ఒకటి ఉండనీ" అన్నారంటే అవసరం ఆ సాయంత్రమే వస్తుంది. మొదటి వారం కష్టకాలం. చిరాకు, నిద్రపట్టకపోవడం, ఊరికే ఆకలేయడం ఉంటాయి. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో అవి సర్దుకుంటాయి. చుట్ట మీదికి మనసు లాగినప్పుడు ఆ లాగుడు కొద్ది నిమిషాలే గట్టిగా ఉంటుంది. ఆ కాసేపు గ్లాసు మంచినీళ్లు తాగించి, వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి. మధ్యలో ఒకరోజు కాల్చేసిందా? అంతా అయిపోయిందని వదిలేయకండి. మర్నాటి నుంచి మళ్లీ మొదలు.

కొన్ని దొంగదారులున్నాయి, జాగ్రత్త. చుట్ట బదులు బీడీ మేలనేది వట్టిమాట. ఖైనీ, గుట్కా, ఒడిశా వైపు పళ్లకి రుద్దుకునే గుడాకు, అన్నిట్లోనూ ఉన్నది పొగాకే. పొగాకు లేని వక్క కూడా నోటి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ విభాగమే తేల్చింది. మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమలకూడదు. మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. టీ, కాఫీ తాగుతూ వేసుకుంటే సరిగా పనిచేయదు. పళ్లు ఊడిన మామ్మ గమ్ ఏం నములుతుంది? ఆమెకి ఒంటికి అంటించే నికోటిన్ పట్టీ కుదురుతుందేమో డాక్టర్‌ని అడగండి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు ఏదైనా అడిగే వాడాలి.

మాట్లాడి ధైర్యం చెప్పేవాళ్లు కావాలంటే ప్రభుత్వం వారి ఉచిత నంబరు 1800 11 2356 ఉంది. సిగరెట్ పెట్టెల మీద వేసేది అదే. మీ ఆయనకీ, మీ అబ్బాయికీ కూడా అదే పనికొస్తుంది. వాళ్ల సంగతి మరచిపోలేదు. ఇంట్లో మామ్మ మానిన చోట మనవడికి "నువ్వెందుకు మానవు?" అనే ప్రశ్న మనం వేయక్కర్లేదు, ఆమే వేస్తుంది.

ఇంకొక్క పని. ఇవాళే మామ్మని వెలుతురులో కూర్చోబెట్టి, నోరు పెద్దగా తెరవమని, ఫోన్ లైటు వేసి అంగిలి చూడండి. తెల్లబడి మందంగా ఉండడం, మధ్యలో ఎర్రటి చుక్కలు, పగుళ్లు, రెండు వారాలైనా మానని పుండు... వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. క్యాన్సర్ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. 30 దాటినవాళ్లకి నోటి పరీక్ష ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల పనిలో భాగమే, అడిగి చేయించుకోండి. పెద్ద ఆసుపత్రి అవసరమైతే విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తొందరగా పట్టుకుంటే నయం చేసుకోగలిగిన జబ్బుల్లో ఇదొకటి.

చుట్ట మానిన మూడోరోజో నాలుగోరోజో మామ్మ పప్పులో ఉప్పు లేదని గిన్నె విసిరికొడుతుంది, చూడండి. ఆ వారం మాత్రం ఎదురు చెప్పకుండా ఇంకాస్త ఉప్పు వేసి పెట్టండి తల్లీ. తర్వాత మీ వాటా పోట్లాట మీరు తీరిగ్గా పెట్టుకోవచ్చు. అందుకు ఆవిడకీ ఊపిరి ఉండాలి కదా!